కొంచెం పక్షి, అంతే

పోయినవారం మనం కథ ఆపి వచ్చేసేటప్పటికి నెరిడా వంటగది నేల మీద రక్తం ఉంది. అది ఇంట్లో కుక్క కెప్టెన్‌ది కాదు, ఆడపడుచు ఇవోన్‌ది. మూర్ఛలో కొట్టుకుంటున్న కెప్టెన్ తల నేలకి తగలకుండా దిండు పెట్టబోయింది ఇవోన్. ఫ్లిండర్స్ దీవిలోని ఆరోగ్య కేంద్రంలో నర్సు ఆవిడే. ఫిట్స్ వచ్చిన ప్రాణి నోటి దగ్గర చెయ్యి పెట్టకూడదని పదిమందికి చెప్పే మనిషే వెళ్లి చెయ్యి పెట్టింది, కెప్టెన్ కరిచాడు. కుడిచేతికి ఏడు కుట్లు పడ్డాయి. "ఆ కుక్క ఈ ఇంట్లో ఉన్నంతకాలం నేను గడప తొక్కను" అనేసి, చేతికి తువాలు చుట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు సముద్రానికి అవతలున్న లాన్సెస్టన్ పట్నం నుంచి విమానంలో వచ్చిన పశువుల డాక్టరమ్మ టెస్సా, కెప్టెన్ రక్తం తీసుకుని, శనివారం నుంచి ఐదు రోజులపాటు మందు మోతాదు అమాంతం పెంచింది. "వచ్చే శుక్రవారం మళ్లీ వస్తాను, అప్పటికీ ఫిట్స్ ఆగకపోతే నిద్రపుచ్చేద్దాం" అని నెరిడా భుజం తట్టింది. ఆ నిద్ర ఎలాంటి నిద్రో నెరిడాకి తెలుసు, మనకీ తెలుసు.

ఇవాళ బుధవారం. పెద్ద మోతాదుకి ఇది ఆఖరి రోజు. సోమవారం పొద్దున ఒకసారి వచ్చిన ఫిట్స్ మళ్లీ రాలేదు. రాలేదని సంతోషించే ఓపిక కూడా నెరిడాకి మిగల్లేదు.

అసలు కెప్టెన్ ఆమె కుక్క కాదు. ఈ మాట ఏడేళ్లుగా ఫ్లిండర్స్ దీవి మొత్తానికీ చెబుతూనే ఉంది. కుక్కని తెచ్చింది మొగుడు డారెల్. చొక్కాలో పెట్టుకుని తెచ్చి, "చూడవే, ఎంత ముద్దుగా ఉన్నాడో" అని ఆమె ఒళ్లో పడేసి, తెల్లారేసరికి చేపల పడవెక్కి సముద్రం మీదకి పోయాడు. అప్పట్నుంచీ ముద్దు ఆయనది, పెంట ఎత్తడం ఈమెది. ఫిట్స్ మొదలయ్యాక మందు కూడా ఈమె వాటాకే వచ్చింది. సముద్రం మీదనుంచి రేడియోలో పలికినప్పుడల్లా డారెల్ మొదటి ప్రశ్న ఒక్కటే: "వాడికి మందేశావా?" పెళ్లయిన ఇరవైరెండేళ్లలో నువ్వు తిన్నావా అని ఎప్పుడైనా అడిగాడేమోనని గుర్తు చేసుకోబోయి, ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకుంది.

ఊళ్లోవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? రాగి గొలుసు కట్టమని ఒకరు, వెల్లుల్లి పెట్టమని ఒకరు, పౌర్ణమికీ అమావాస్యకీ చీకటిగదిలో పడుకోబెట్టమని మరొకరు. చెప్పేవాళ్లకేం, ఒక్కరైనా వచ్చి ఆ మాత్ర మింగించమనండి చూద్దాం. ఉప్పు లేకుండా ఉడికించిన వాలబీ అనే చిన్న కంగారూ మాంసంలో మాత్ర దాచి పెడితే, కెప్టెన్ మాంసం తినేసి, మాత్రని తీసుకొచ్చి ఆమె చెప్పు పక్కన పెడతాడు. ఎక్కడో పారేసుకున్న వస్తువు తెచ్చిచ్చినట్టు తోక కూడా ఊపుతాడు. ఆ మందుకి ఆకలి ఎక్కువ, దాహం ఎక్కువ. ఎప్పుడు చూసినా గిన్నె నాకుతుంటాడు, ఎప్పుడు చూసినా నీళ్ల తొట్టి ఖాళీ. తొట్టి నింపీ నింపీ ఆమె చేతులు పడిపోతున్నాయి.

ఇవాళ పొద్దున ఏడింటికి మాత్రం ఏ పేచీ పెట్టకుండా మింగేశాడు. బతికించావురా నాయనా అనుకుంది. మెట్లు దిగుతుంటే వెనకకాళ్లు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. మోతాదు పెంచిన కొత్తలో కాస్త మత్తుగా ఉంటాడని డాక్టరమ్మ ముందే చెప్పింది కదా అని, అది కూడా పట్టించుకోలేదు. వాడు లోపలికొచ్చి బల్ల కింద పడుకున్నాడు. ఆమె ఫ్రిజ్ తలుపు మీది కాగితంలో టిక్కు పెట్టి, పొయ్యిలో కట్టె తోసింది.

తొమ్మిదింటికి ఫోను మోగింది.

"నెరిడాగారూ, టెస్సాని. రక్తం రిపోర్టు వచ్చిందండి."

"చెప్పండి డాక్టర్‌గారూ."

"ఒకమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మందు రోజూ వేస్తున్నారా?"

నెరిడా ఫ్రిజ్ తలుపు వైపు చూసింది. ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఆరు కాగితాలు, ఒకదానిమీద ఒకటి, ఒక్క గడి ఖాళీ లేదు. జ్వరంతో పడుకున్నరోజు కూడా లేచి వేసింది. సొంత చెల్లెలి పెళ్లిలో మధ్యలో లేచొచ్చి వేసింది. ఆ కాగితాలు చింపి డాక్టరమ్మ మొహాన కొట్టడానికి మధ్యలో ఒక సముద్రం అడ్డం ఉంది.

"వేస్తున్నానండి" అంది, పళ్లు బిగించి.

"ఏప్రిల్‌లో చూసినప్పుడు ఒంట్లో మందు ఎంత ఉండాలో అంతా ఉంది. మొన్న శుక్రవారం తీసిన రక్తంలో అందులో సగం కూడా లేదు. మీరేమో మోతాదు మార్చలేదంటున్నారు. అయితే మందు కడుపులోకి పోవడం లేదు, లేకపోతే ఉప్పు."

"ఉప్పా?"

"మనం వేసే ఈ బ్రోమైడ్ మందు, ఉప్పు, రెండూ ఒకే దారిలో బయటికి పోతాయండి. ఉప్పు ఎక్కువ తింటే అది మందుని బయటికి తోసేస్తుంది. మీరెంత వేసినా నిలవదు. చిప్స్, బేకన్, ఉప్పు బిస్కెట్లు, ఏమైనా పెడుతున్నారా?"

"మా ఇంట్లో బేకన్ మొహం చూసి ఆర్నెల్లయిందండి. మా మామయ్యకి గుండె జబ్బు. మా వదిన వచ్చి ఉప్పుడబ్బా కూడా అటకెక్కించింది."

"మే నెలలో నేను ఫోన్ చేసినప్పుడు మీ మామగారూ అదే చెప్పారు, ఉప్పగా ఉండేవేవీ పెట్టనని. సరే, ఇంట్లో అందర్నీ ఒకసారి అడిగి నాకు మళ్లీ ఫోన్ చెయ్యండి."

ఇంట్లో అందరూ అంటే ఒక్క మనిషే. మంగళవారం, గురువారం నెరిడా తెల్లారకముందే తను పనిచేసే కొట్టుకి పోయి రొట్టెలు దించుకోవాలి. ఆ రెండు పొద్దులూ కెప్టెన్‌కి మందు వేసేది మామగారు క్లారీ. డెబ్భైతొమ్మిదేళ్లు వచ్చాయి. మతిమరుపు లేదంటాడు, కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. మందు వెయ్యకుండానే టిక్కు పెట్టేస్తున్నాడని నెరిడాకి ఆ క్షణంలో రూఢి అయిపోయింది. ఇన్నాళ్లూ తను కుక్కనీ, మందునీ, డాక్టరునీ తిట్టుకుంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

పెరటి తలుపు తీసి కేకేసింది. "మామయ్యా, ఒకసారి ఇలా రండి."

షెడ్డు ముందు కట్టెలు చీలుస్తున్న క్లారీ గొడ్డలి దించాడు. "రెండు కట్టెలున్నాయి అమ్మాయ్, అవయ్యాక వస్తా."

"కట్టెలెక్కడికీ పోవు. రండి."

నైరుతి గాలి తోసుకొస్తుంటే టోపీ పట్టుకుని వచ్చాడు. బల్ల దగ్గర కూర్చుని, కాలితో కిందున్న కెప్టెన్ వీపు నిమిరాడు. "టీ ఉందా?"

"ముందు జవాబు, తర్వాత టీ. మంగళ గురువారాలు మీరు వాడికి మందు వేస్తున్నారా, ఉత్తినే టిక్కు పెడుతున్నారా?"

క్లారీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆయనకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"నేను బడికి పోయింది తక్కువే అమ్మాయ్. కానీ దొంగ టిక్కులు పెట్టే మనిషిని కాదు. ఈ వయసులో నాచేత అబద్ధం ఆడించినోళ్లు లేరు."

"అయితే ఆ మందు ఏమైపోతోంది? డాక్టరమ్మ నన్ను అడుగుతోంది, నన్ను. దొంగని అడిగినట్టు అడుగుతోంది."

"వాడి దవడ పట్టుకుని, మాత్ర నాలిక చివర పెట్టి, మింగిందాకా గొంతు నిమురుతా. మింగాక వాడికి ఇవ్వాల్సింది ఇస్తా. అంతే."

"ఇవ్వాల్సింది అంటే?"

"ఏముందీ. కొంచెం పక్షి, అంతే."

నెరిడా చేతిలోని కెటిల్ పొయ్యి మీద పెట్టబోయి ఆగిపోయింది.

లాన్సెస్టన్‌లో పక్షి అంటే కోడి కావచ్చు, బాతు కావచ్చు. ఫ్లిండర్స్‌లో పక్షి అంటే ఒకే పక్షి. మార్చి చివర్నుంచి ఏప్రిల్ అంతా చిన్న దీవుల్లో గుడిసెలు వేసుకుని, నేల బొరియల్లో భుజం దాకా చెయ్యి పెట్టి, లోపల పాము ఉండకూడదని దేవుణ్ణి తలుచుకుని పట్టుకొచ్చే కొవ్వెక్కిన సముద్రపక్షి. క్లారీ తాత పట్టాడు, క్లారీ పట్టాడు, డారెల్ పడుతున్నాడు. ఈకలు పీకి, మరిగే నీళ్లలో ముంచి, నిలువునా చీల్చి, పీపాలో ఒక వరస పక్షి ఒక వరస ఉప్పు పేర్చి, ఉప్పునీరు పైకి ఊరేదాకా అణిచిపెడతారు. చలికాలమంతా అదే. తినేముందు ఒక రాత్రి నానబెట్టి, రెండు నీళ్లు మార్చి ఉడికిస్తే తప్ప నోట్లో పెట్టుకోలేరు. అందుకే ఆ ఇంట్లో దాన్ని ఎవరూ ఉప్పటిది అనరు. ఉప్పటివంటే కొట్టులో కొనుక్కొచ్చేవి. పక్షి అంటే పక్షే, అన్నం లాంటిది.

"నానబెట్టి పెట్టారా?" అంది నెరిడా నెమ్మదిగా.

"కుక్కకి నానబెట్టడమేంటి? పీపాలోంచి తీస్తా, ఓ రెక్కో తొడో విరిచి పడేస్తా. పరమానందంగా తింటాడు."

"మంగళ గురువారాలేనా?"

"రోజూ. నువ్వు బట్టలారెయ్యడానికి పోయినప్పుడు."

"ఎన్నాళ్ల నుంచి?"

"పీపా ఇంటికొచ్చిన కాడ్నుంచి. మే మొదట్నుంచి."

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కెప్టెన్‌కి ఒక్క ఫిట్స్ రాలేదు. జూన్‌లో రెండు, జూలైలో అయిదు. నెరిడా కెటిల్ దించి బల్ల మీద పెట్టింది. లేకపోతే దాన్ని ఎక్కడికి విసిరేసేదో ఆమెకే తెలియదు.

"డాక్టరమ్మ ఉప్పువి వద్దంది కదా మామయ్యా. మీతోనే కదా మాట్లాడింది."

"ఆవిణ్ణి అడిగే పెట్టా." క్లారీ బల్ల మీద వేలు ఆనించాడు. "చిప్స్ పెడతారా అంది, లేదన్నా. బేకన్ పెడతారా అంది, లేదన్నా. మరేం పెడతారూ అంది. కొంచెం పక్షి పెడతానమ్మా అన్నా. పక్షి మంచిదేనండీ, కొవ్వు తక్కువ, పెట్టండి అంది. నేను ఊరుకున్నానా? ఇంకోసారి అడిగా. నిజంగా పక్షి పర్లేదా అమ్మా అని. రోజూ కొంచెం పెట్టుకోవచ్చు అంది. డాక్టరు నోటితో చెప్పాక మధ్యలో నువ్వెవరు, నేనెవరు?"

"కొవ్వు తక్కువ అందా? పక్షికి?"

"అంది."

"తింటుంటే మోచెయ్యి దాకా నూనె కారుతుంది. దాని నూనెతో మీ నాన్న దీపాలు వెలిగించేవాడని మీరే చెబుతారు. దానికి కొవ్వు తక్కువంటే, ఆవిడ అనుకునే పక్షి వేరని మీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది" అన్నాడు క్లారీ నిజాయితీగా. "పట్నపు డాక్టర్లకి పక్షి గురించి ఏం తెలుస్తుందిలే అనుకున్నా."

నెరిడా కుర్చీ లాక్కుని కూలబడింది. ఈ మనిషిని తిట్టడానికి తెలుగులో ఉన్న మాటలు చాలవు, ఆయన దీవిలో ఉన్నవీ చాలవు. ఆయన అబద్ధం ఆడలేదు, దాచలేదు, డాక్టరు చెప్పింది తు.చ. తప్పకుండా చేశాడు. ఇలాంటి మంచివాళ్లతో వేగడం కన్నా దొంగలతో కాపరం సుఖం.

"అయినా వాడికి మీరెందుకు పెట్టాలి? నేను మూడుపూట్లా పెడుతున్నాగా."

"ఆకలేస్తోంది వాడికి. నా మొహంలోకి చూస్తాడు. ఆకలితో ఉన్న ప్రాణి చూస్తుంటే కూర్చోవడం మా ఇంటావంటా లేదమ్మాయ్." టోపీ అంచు తిప్పాడు. "ఇవోన్ నన్ను పక్షి ముట్టుకోవద్దంది. గుండెకి ఉప్పు పనికిరాదంది. పెద్దాడి వాటా అని డారెల్ నా వంతు పీపా నాకే తెచ్చి పెట్టాడు. నేను తినకూడదు. పారబొయ్యకూడదు. ఎవరో ఒకళ్లు తినాలిగా."

నెరిడా తలెత్తింది. "మీరు తినలేదా?"

"ఒక్క ముక్క తిన్లేదు."

"మరి ఆదివారం..."

ఆదివారం సంగతి ఆమెకి గుర్తొచ్చింది. ఆ రోజు కట్టెలకని షెడ్డులోకి వెళ్లి పీపా మూత తీసి చూస్తే సగానికి సగం తగ్గిపోయి ఉంది. నాన్నని జాగ్రత్తగా చూసుకోవడం లేదని ఇవోన్ అప్పటికే దెప్పిపొడుస్తోంది. చెయ్యి కరిపించుకుని అలిగి కూర్చున్న ఆడపడుచుకి ఈ సంగతి కూడా తెలిస్తే ఇంకేమైనా ఉందా? నెరిడా ముసలాయన్ని పావుగంట సేపు నిలబెట్టి దులిపేసింది. ఈ వయసులో నాలిక కట్టుకోలేరా అంది. చస్తే నా మీదకి వస్తుంది అంది. తర్వాత సుత్తి తెచ్చి, పీపా మూతకి ఆరు మేకులు కొట్టింది. క్లారీ పక్కన నిలబడి, ఒక్కొక్క మేకూ ఆమె చేతికి అందించాడు.

"తిన్నారా అని అడిగితే చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదమ్మాయ్. తిట్టావు."

"తిన్నానని ఒప్పుకున్నారు కదా."

"ఒప్పుకోలేదు. ఊరుకున్నా. మధ్యలో రెండుసార్లు నోరు తెరిచా, నువ్వు చెప్పనిస్తే కదా."

చెప్పనియ్యలేదు. నిజమే. నెరిడాకి సిగ్గేసింది. మరుక్షణంలోనే ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయినట్టయింది. దొరికింది. రెండు నెలలుగా తన నిద్ర తినేసిన రోగానికి కారణం దొరికింది. కెప్టెన్ మెదడు చెడిపోలేదు, మందు పనికిరాకుండా పోలేదు. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని ఊరికే అన్నారా, ఆ తొట్టి ఎందుకు ఖాళీ అవుతోందో ఇప్పుడు తెలిసింది. శుక్రవారం డాక్టరమ్మ ఆ నిద్రపుచ్చే సూది తీసుకురావాల్సిన పనే లేదు. నెరిడా లేచి ముసలాయనకి టీ పోసింది, రెండు చెంచాల చక్కెర వేసింది, అడక్కుండానే రొట్టె కాల్చి ముందు పెట్టింది. ఆమె క్షమాపణ అడగడం అలాగే ఉంటుంది. క్లారీ కూడా దాన్ని అలాగే తీసుకుని తినడం మొదలుపెట్టాడు.

డాక్టరుకి ఫోను కలిపింది. గొంతులో హుషారు దాచుకోలేకపోయింది.

"దొంగ దొరికాడు డాక్టర్‌గారూ. మీరు మే నెలలో పెట్టమన్న పక్షి."

మొత్తం చెప్పింది. అవతల డాక్టరమ్మ ముందు నవ్వబోయి, పీపా, ఉప్పు అనేసరికి మానేసింది. "నేను కోడి అనుకున్నానండి. వచ్చి ఏడాది కాలేదు, ఆ దీవిలో పక్షి అంటే ఏమిటో నాకెవరూ చెప్పలేదు. తప్పు నాదే. రెండోసారి అడిగినప్పుడైనా ఏ పక్షి అని అడగాల్సింది. సరే, ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఆ ఉప్పు ఒక్కసారిగా ఆపెయ్యకూడదు. మెల్లమెల్లగా తగ్గిస్తూ, మోతాదు కూడా..."

"ఆదివారమే ఆగిపోయిందండి. పీపాకి మేకులు కొట్టేశాను."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"డాక్టర్‌గారూ?"

"ఆదివారం నుంచి వాడికి ఉప్పు బొత్తిగా లేదు. శనివారం నుంచి పెద్ద మోతాదు వేస్తున్నాం. అంతేనా?"

"అంతే."

"ఇవాళ పొద్దున కూడా వేశారా?"

"ఏడింటికి. ఒక్క పూట తప్పలేదని చెప్పాను కదండీ."

అది గొప్పగా చెప్పుకోవాల్సిన మాట. నోట్లోంచి వస్తుండగానే దాని అర్థం మారిపోవడం నెరిడాకి తెలిసింది.

"ఇన్నాళ్లూ మందుని బయటికి తోస్తున్నది ఆ ఉప్పే. తోసేది ఆగిపోయింది, మనం పొయ్యడం ఆపలేదు. వెళ్లేదారి లేక మందంతా లోపలే నిండుతోంది. నెరిడాగారూ, కెప్టెన్ ఇప్పుడు ఎక్కడున్నాడు?"

నెరిడా వంగి బల్ల కిందకి చూసింది. "పడుకున్నాడు."

"లేపండి."

"కెప్టెన్. లెగరా." చెవి కదిలింది. "కెప్టెన్, రా, నీళ్లు తాగుదువుగాని."

తొట్టి వైపు చూస్తే పొద్దున నింపింది నింపినట్టే ఉంది. ఆమె అప్పుడు చూసింది దాన్ని.

క్లారీ టీ కప్పు దించి నేల మీద మోకాళ్లేశాడు. ఆయన మోకాళ్లు టకటకమన్నాయి. వాడి చెవి దగ్గర నోరు పెట్టి, ఏ నిద్రలో ఉన్నా వాణ్ణి తోక ఊపుకుంటూ లేపే మాట అన్నాడు. "పక్షి. ఒరే, పక్షి."

కెప్టెన్ కళ్లు తెరిచాడు. తోక చివర ఒక్కసారి నేలకి కొట్టుకుంది. ముందుకాళ్లు బిగించి, ఛాతీ పైకెత్తాడు. వెనక భాగం అక్కడే ఉండిపోయింది. గోళ్లు నేలమీద గీరుకుంటుంటే ఒక జానెడు దూరం ముందుకి ఈడ్చుకుని, గడ్డం క్లారీ బూటు మీద వాల్చేసి మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

నెరిడా చూసింది చూసినట్టు ఫోనులో చెప్పింది.

"ఇక మందు వెయ్యకండి" అంది డాక్టరమ్మ. "నోటితో ఏమీ పెట్టకండి, ఆ మత్తులో మింగలేడు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దీనికి విరుగుడు ఉప్పే. కాకపోతే నరంలోకి సెలైన్‌గా ఎక్కాలి, ఇవాళే ఎక్కాలి. ఊపిరి కూడా మందగిస్తే కష్టం. నేను విమానానికి అడుగుతాను."

"పొద్దున విమానం రద్దయిందండి. గాలి. రేపు కూడా నమ్మకం లేదన్నారు."

"మీ ఆరోగ్య కేంద్రంలో మనుషులకెక్కించే సెలైన్ ఉంటుంది, అది పనికొస్తుంది. నరంలోకి సూది పెట్టడం వచ్చిన నర్సు ఎవరైనా ఉన్నారా? ఎంత ఎక్కించాలో నేను ఫోనులో చెబుతాను."

"ఉంది" అంది నెరిడా. "ఒక్కతే ఉంది."

ఆ నంబరు నొక్కడానికి ఆమెకి కాగితం చూడక్కర్లేదు. ఆరు రోజులుగా నొక్కకుండా తప్పించుకుంటున్న నంబరది. రెండోసారి మోగగానే ఎత్తారు.

"ఆరోగ్య కేంద్రం. ఇవోన్‌ని."

"వదినా, నేను."

"కుక్క పోయిందా?" అంది ఇవోన్.

"లేదు."

"మరెందుకు చేశావు?"

నెరిడా చెప్పబోయింది. ముసలాయన్ని పావుగంట దులిపిన నోరు అది. పక్షి అని మొదలుపెట్టింది, మేకులు అంది, మళ్లీ పక్షి అంది. క్లారీ లేచి ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"ఇవోన్, నాన్నని. పక్షి తినొద్దన్నావు, నేను తిన్లేదమ్మా. వాడికి పెట్టా. ఆ ఉప్పే వాడి మందు చెడగొట్టిందంట. మొన్న నీ చెయ్యి కరిచింది వాడు కాదు, నేను పెట్టిన ఉప్పు." ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడు వాడు లెగడం లేదు. సెలైన్ కావాలంట. నువ్వు అలిగితే నా మీద అలుగు. వాడి మీద కాదు."

ఫోను లోపల ఎక్కడో ఒక అలమర తలుపు తెరిచిన చప్పుడైంది.

"సంచులున్నాయి" అంది ఇవోన్. ఆమె గొంతు చుట్టుపక్కలకి వినిపించేంత పెద్దది. "పది నిమిషాల్లో తెస్తా. నేను గడప తొక్కనన్నాను, తొక్కను. వాణ్ణి దుప్పట్లో వేసి వరండాలోకి లాక్కురండి. కానీ నాన్నా, నా కుడిచెయ్యి ముడవడం లేదు, కుట్లింకా తియ్యలేదు. ఎడమచేత్తో నేను కుక్క నరం పట్టలేను. ఎక్కడ గుచ్చాలో నేను చూపిస్తా. సూది పెట్టాల్సింది నెరిడానే."

క్లారీ ఫోను రెండో చెవికి మార్చాడు.

"దాని చేతులు వణుకుతున్నాయా? చూసి నిజం చెప్పు. వణుకుతుంటే వద్దు, నరం చిరిగిపోతుంది, రెండోసారి దొరకదు."

క్లారీ తిరిగి కోడలి చేతుల వైపు చూశాడు. కెప్టెన్ తలని ఒళ్లోకి తీసుకుని కూర్చుంది నెరిడా. వాడి చెవుల మీద ఆమె వేళ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. ఆపుకోవాలని ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుంది. అప్పుడు రెండూ వణికాయి.

"లేదమ్మా" అన్నాడు క్లారీ ఫోనులో. "రాయిలా ఉన్నాయి."